షెడ్డు కట్టిన్రు సరే.. ఎరువేది?

2019ల పల్లె ప్రగతి మొదలైనంక తెలంగాణల ఊరూరికి ట్రాక్టరొచ్చింది, డంపింగ్ యార్డొచ్చింది. తడి చెత్తతోని ఎరువు చేసేటందుకు షెడ్లు కూడ కట్టిన్రు. మరి ఇయ్యాల మీ ఊరి షెడ్డుల ఎంత ఎరువు తయారైతున్నది? శానా ఊర్లల్ల షెడ్డు ఖాళీ, చెత్త బయట మంట్ల. పొలంకాడ వరిగడ్డి కూడ మంట్లనే. అదే ఊరి రైతు యూరియా బస్తా కోసం లైన్ల చెప్పులు పెడుతున్నడు. ఇదేం లెక్క?

షెడ్డు ఎందుకు నడుస్తలేదంటే, దానికి మేత లేదు. పట్నంల లెక్క పల్లెల తడి చెత్త కుప్పలు కుప్పలు రాదు. కూరగాయల పొట్టు, కుడిది బర్లకు పోతది, మిగిలిన మెతుకులు కోళ్లు తింటయి. షెడ్డుకొచ్చేది ప్లాస్టిక్కు, గాజుపెంకులు కలిసిన చెత్తనే. అట్లాంటి ఎరువును ఏ రైతూ పొలంల ఏసుకోడు. అందుకే రెండు పనులు గావాలె: ఇంటికాడనే తడి, పొడి వేరు చేసుడు, పొలం చెత్తను కూడ షెడ్డుకు తెచ్చుడు.

ఇగ ఎరువెట్ల చెయ్యాలె? పనిచేసేది మనం కాదు, కంటికి కనవడని సూక్ష్మజీవులు. వరిగడ్డి, ఎండాకులు, ముక్కలు చేసిన పత్తికట్టె కార్బన్ ఇస్తయి. పెండ, పచ్చి ఆకు, కోళ్ల ఎరువు నైట్రోజన్ ఇస్తయి. కార్బన్ 25 నుంచి 30 పాళ్లకు నైట్రోజన్ ఒక పాలు ఉంటే కుప్ప మంచిగ మురుగుతది. ఒట్టి వరిగడ్డిల కార్బన్ అంతకు రెండింతలు ఉంటది, గందుకే అది తొందరగ మురుగది. పెండ నీళ్లో, కోళ్ల ఎరువో కలిపితే లెక్క కుదురుతది.

కుప్ప పొడుగు, ఎడల్పు, ఎత్తు మీటరుకు తగ్గొద్దు. చిన్నదైతే వేడి నిలువది. 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడితేనే గడ్డి ఇత్తనాలు, తెగుళ్లు సస్తయి. పిడికిట్ల పట్టి పిండితే చెయ్యి తడవాలె గని నీళ్లు ధార కట్టొద్దు. కంపు కొడితే గాలి ఆడుతలేదన్నట్టు, కుప్ప తిప్పి ఎండు గడ్డి కలపాలె. వేడి పుట్టకుంటే పెండో, నీళ్లో తక్కువైనట్టు. నడుమ నడుమ తిప్పుకుంట పోతే మూడు నాలుగు నెలలకు నల్లగ, మట్టివాసన కొట్టే ఎరువైతది.

తిప్పే ఓపిక లేనోళ్లకు నాడెప్ తొట్టి ఉంది. మహారాష్ట్ర రైతు పాంఢరీపాండే పేరు మీద వచ్చిన పద్ధతి ఇది. 10 అడుగుల పొడుగు, 6 అడుగుల ఎడల్పు, 3 అడుగుల ఎత్తు ఇటుక తొట్టి. గోడలకు ఇడిసిన సందుల నుంచి గాలి ఆడుతది. చెత్త, పెండ నీళ్లు, మట్టి పొరలు పొరలుగ నింపి, మీద మట్టితోని అలికితే సరి.

పెంచుకునేటప్పుడు ఆగమాగం కావొద్దు. మొదలు ఒక్క కుప్ప. అది కుదిరినంక మూడు: ఒకటి ఏసేది, ఒకటి మురిగేది, ఒకటి వాడేది. ఊరి షెడ్డుకు మొదటి గిరాకీ ఊరి నర్సరీనే. అక్కడ మొక్కలు మంచిగొస్తే రైతులు వాళ్లంతట వాళ్లే అడుగుతరు. పెండ, గడ్డి ఇచ్చినోళ్లకు ఎరువుల వాటా ఇయ్యాలె. చెత్త ఏరే సఫాయి కార్మికులకు గ్లవుజులు, పనికి తగ్గ పైసలు ఇయ్యాలె. వాళ్లను ఇడిసిపెట్టి ఏ షెడ్డూ నడువది.

ఒక ముచ్చట సాఫ్‌గ చెప్పుకోవాలె. 45 కిలోల యూరియా బస్తాల 20 కిలోల పైన నైట్రోజన్ ఉంటది. టన్ను మంచి కంపోస్టుల 10 కిలోలు ఉంటే గొప్ప, అది కూడ మెల్లమెల్లగ అందుతది. కాబట్టి ఈ ఏడే యూరియా బంద్ పెట్టమంటలేం. కానీ భూమి గుల్లబారుడు, నీళ్లు పట్టుకునుడు యూరియాతోని కాదు, కంపోస్టుతోనే అయితది. భూసార పరీక్ష చూసుకుంట ఏడాదికింత బస్తాలు తగ్గించుకోవచ్చు.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, వచ్చే గ్రామసభల ఒక్క సవాల్ అడుగుండ్రి: "షెడ్డుకు గడ్డి, పెండ ఎవరు తెస్తరు, ఎరువుల వాటా ఎవరికెంత?" జవాబు తీర్మానంల రాయించుండ్రి. కోతలు అయినంక గడ్డికి అగ్గిపుల్ల గీసేలోపే ఈ పని గావాలె.