పరిచయాలను పోగొట్టుకోవద్దు

"ఉద్యోగం రావాలంటే తెలిసినవాళ్లుండాలి" అనే మాట మనమంతా ఎన్నోసార్లు విన్నాం. విన్నప్పుడల్లా మనసు చిన్నబోతుంది. మన అమ్మానాన్నలు కూలిపనులు చేసుకునేవాళ్లు. ఆఫీసుల్లో మనకు మేనమామలు, బాబాయిలు లేరు. మరి మనకెవరు చెబుతారు?

ముందుగా ఒక తేడా గ్రహించాలి. అర్హత లేనివాడికి పని ఇప్పించేది సిఫారసు. అర్హత ఉన్నవాడికి దారి చూపేది పరిచయం. ఏ కోర్సు మంచిది, దరఖాస్తుకు చివరి తేదీ ఎప్పుడు వంటి సంగతులు చాలావరకు మనిషి నుంచి మనిషికే చేరతాయి.

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి జీవితమే చూద్దాం. ఆయన మెట్రిక్యులేషన్ పాసైనప్పుడు కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుని చరిత్రను బహూకరించారు. పై చదువుకు డబ్బు చాలదని తెలిసి, బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ సాయం అందేలా చూశారు. నెలకు 25 రూపాయల ఉపకార వేతనం వచ్చింది. 1913లో బరోడా సాయంతోనే అంబేద్కర్ గారు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1916లో లండన్ వెళ్లేటప్పుడు అక్కడి గురువు ప్రొఫెసర్ సెలిగ్మన్ పరిచయ లేఖ రాసిచ్చారు. ఆ బంధం అక్కడితో తెగిపోలేదు. 1925లో అంబేద్కర్ గారి గ్రంథానికి ముందుమాట రాసిందీ ఆయనే. చదువు, కష్టం అంబేద్కర్ గారివే. తలుపు ఎక్కడుందో చూపినవారు వీరు.

మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం ప్రచురించారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం పొందినవారిని, ఆ కబురు చెప్పినవారిని ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. అప్పుడప్పుడు, లేదా అరుదుగా అని చెప్పినవారే ఎక్కువ. రోజూ మన పక్కన ఉండేవాడికి తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరంగా ఉన్నవారి దగ్గరే దొరుకుతుంది.

అలాంటివారు మనకూ ఉన్నారు. వారే మన సీనియర్లు. కిందటేడు వీడ్కోలు సభలో వారిని కన్నీళ్లతో సాగనంపాం. ఆరు నెలలకే సగం ఫోన్ నంబర్లు పనిచేయలేదు. మాలో ఒకడికి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష సంగతి చివరి తేదీ దాటాక తెలిసింది. అదే కోర్సు చదువుతున్న మన అన్నయ్య పక్క ఊళ్లోనే ఉన్నాడు. అడుగుదామంటే మా దగ్గర నంబరు లేదు. వాడికి ఒక సంవత్సరం పోయింది.

అందుకే మేము కొన్ని నియమాలు పెట్టుకున్నాం.

1. హాస్టల్లో ఒక రిజిస్టరు ఉండాలి. పేరు, ఊరు, చదువు, తన నంబరుతోపాటు ఇంట్లోవారి నంబరు కూడా రాయాలి. ఏటా వార్షికోత్సవం నాడు సరిచూడాలి.

2. పనిపడినప్పుడే ఫోన్ చేయకూడదు. పండగకు, పరీక్షా ఫలితాలప్పుడు పలకరించాలి.

3. "ఉద్యోగం ఇప్పించన్నా" అనేకంటే "ఆ పరీక్షకు ఏం చదివావన్నా?" అని అడిగితే ఎవరైనా సంతోషంగా చెబుతారు. మొహమాటం వద్దు. అడగనిదే అమ్మయినా పెట్టదు.

4. సాయం పొందాక ఏమైందో వారికి చెప్పాలి. మనకు తెలిసిన కబురును తమ్ముళ్లకు చేరవేయాలి.

ఏరు దాటాక తెప్ప తగలేయకూడదంటారు పెద్దలు. మన వెనుక తమ్ముళ్లు ఇంకా ఒడ్డునే ఉన్నారు. రిజిస్టరు వార్డెన్ సార్ గదిలో ఉంది. మొదటి పేజీలో మా పేర్లు రాశాం. వార్షికోత్సవానికి వచ్చిన అన్నయ్యలారా, వెళ్లేముందు మీ పేర్లు కూడా రాయండి.