పాత కార్డు బాకీ: మూడేళ్లు దాటాక సంతకం పెడితే ఏమవుతుంది?

కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల మీద అప్పులిచ్చే వాళ్లకు ఒక లెక్క బాగా తెలుసు. ప్రామిసరీ నోటు మూడేళ్లకు మురిగిపోతుంది. అందుకే గడువు దాటకముందే బాకీదారు చేత ఎంతో కొంత కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటారు. అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. అదే బాకీదారుకు క్రెడిట్ కార్డు అప్పు ఉంటే మాత్రం ఈ లెక్క గుర్తుకు రాదు. బ్యాంకుకు గడువేంటి అనుకుంటారు. నిజానికి 1963 నాటి కాలపరిమితి చట్టం బ్యాంకుకూ వర్తిస్తుంది.

కార్డు బాకీ మీద దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు. చివరిసారి కట్టిన తేదీ, వాయిదా తప్పిన తేదీ చూసి లెక్క కడతారు. ఆ మూడేళ్ల లోపు బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత సొమ్ము కట్టి ఆ సంగతి రాసిచ్చినా గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రికవరీ ఏజెంట్ వచ్చి "ప్రస్తుతానికి ఒక వెయ్యి కట్టండి, ఈ కాగితం మీద సంతకం చేయండి చాలు" అంటే అది చెల్లు రాయించుకోవడమే. పేరు మారిందంతే.

గడువు దాటిపోయాక సంగతి వేరు. అప్పుడు కొంత కట్టినంత మాత్రాన పాత గడువు బతకదు. కానీ "ఈ బాకీ తీరుస్తాను" అని రాసి సంతకం పెడితే, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద అది కొత్త ఒప్పందమవుతుంది. సెటిల్‌మెంట్ లెటర్ అని ఇచ్చేవాటిలో ఇలాంటి వాక్యం ఉందేమో చదవాల్సింది అందుకే.

లెక్క కట్టేటప్పుడు కోవిడ్ కాలాన్ని మరవకూడదు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న రోజులను సుప్రీంకోర్టు గడువులోంచి మినహాయించింది. 2018 సెప్టెంబరులో ఆఖరుసారి కట్టిన బాకీకి గడువు 2021లో ముగియలేదు, 2023 ఆగస్టు-సెప్టెంబరు దాకా సాగింది.

ఇక, గడువు దాటితే అప్పు మాఫీ అయిపోయినట్టు కాదు. మూసుకునేది కోర్టు తలుపే. బాకీ అలాగే ఉంటుంది, సిబిల్ రికార్డులోనూ కనిపించవచ్చు, బ్యాంకు అడగవచ్చు. అడగడానికీ ఓ పద్ధతుంది. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 ఆగస్టులో చెప్పింది. బెదిరింపులు వస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయొచ్చు.

అన్నిటికంటే ప్రమాదం ఏంటంటే, "ఎలాగూ మురిగిపోయింది కదా" అని కోర్టు నోటీసును పక్కన పడేయడం. గడువు దాటిన దావాను, బాకీదారు అడగకపోయినా, కోర్టు కొట్టేయాలని చట్టంలో ఉంది. అయినా హాజరు కాని వాళ్ల మీద ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చే అవకాశం ఉంటుంది. డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువు. లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకుని సంతకం పెట్టినా అది డిక్రీతో సమానమే, దాని మీద అప్పీలు ఉండదు. లాయర్ ఫీజు భరించలేని వాళ్లు ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగొచ్చు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.