బిగిసిన చక్రం ఎట్లా ఊడుతుంది?

మా అన్న మాచర్లలో కార్ల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. సంక్రాంతి సెలవుల్లో నేను క్యారేజీ తీసుకుపోయి చూశాను. ఒక ఇంజనులో క్రాంక్ షాఫ్టు మీది టైమింగ్ పళ్ళచక్రం తుప్పుపట్టి బిగిసిపోయింది. అన్న సుత్తి ఎత్తాడు. మేస్త్రిగారు చెయ్యి పట్టుకున్నారు. పన్ను విరిగితే అన్న జీతంలోంచి పోతుంది.

మేస్త్రిగారు ముందు టైమింగ్ గుర్తులు చూసుకున్నారు. బిగించేటప్పుడు అవి తప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టనుకు తగిలి వంగిపోతాయంట. తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా నాననిచ్చారు. పొద్దున నూనె తుడిచి, చక్రానికి వేడిగాలి పెట్టారు. పుల్లరు కొక్కేలు తగిలించి నడిమి బోల్టు మెల్లగా తిప్పారు. టక్కున ఊడింది!

కారణం మన పాఠంలోనే ఉంది. వేడికి ఇనుము వ్యాకోచిస్తుంది. షాఫ్టు కన్నా ముందు చక్రం వేడెక్కి పట్టు వదిలింది.

అన్న బడికి పోలేదు. తండాలో ఆ పాఠం చదివి వినిపించాను. "ఇంకోసారి చదువు చెల్లీ" అన్నాడు.