ఇంట్లో నాలుగు కంప్యూటర్లు, ఒక్క ప్రింటర్: షేరింగ్ ఎక్కడ ఆగిపోతోంది?

తునిలో ఇల్లు, కొట్టు ఒకే కప్పు కింద ఉండటం కొత్తేమీ కాదు. అలాంటి ఇల్లు ఒకటి అనుకోండి. ముందు గదిలో జిరాక్స్ మిషన్, డీటీపీ చేసే పాత విండోస్ కంప్యూటర్, దానికి యూఎస్‌బీ వైరుతో తగిలించిన లేజర్ ప్రింటర్. లోపల కాకినాడలో బీటెక్ చదివే అమ్మాయి విండోస్ 11 ల్యాప్‌టాప్. సెలవు మీద గల్ఫ్ నుంచి వచ్చిన మామూ చేతిలో మ్యాక్‌బుక్. తమ్ముడు ఇష్టపడి ఉబుంటు ఎక్కించుకున్న ఇంకో పాత ల్యాప్‌టాప్. ఫోన్లయితే లెక్కే లేదు. అన్నీ ఒకే వైఫై మీద ఉన్నాయని అందరి నమ్మకం.

స్కాలర్‌షిప్ ఫారానికో, హజ్ దరఖాస్తుకో ఆఖరి రోజు వస్తుంది. ఫారం లోపలి ల్యాప్‌టాప్‌లో, పాస్‌పోర్ట్ స్కాన్ కాపీలు కొట్టు కంప్యూటర్‌లో, ప్రింటర్ "ఆఫ్‌లైన్". అప్పుడు తెలిసినబ్బాయి ఎవరో ఫోన్‌లో మందు చెబుతాడు: "ఫైర్‌వాల్ ఆపేయండి అంకుల్, పాస్‌వర్డ్ తీసేయండి, ఫోల్డర్‌కి ఎవ్రీవన్ పెట్టేయండి, ఎస్ఎంబీ వన్ ఆన్ చేయండి, అయిపోద్ది."

ఒక్కోసారి నిజంగానే అయిపోతుంది. చిక్కు అక్కడే ఉంది. కొట్టుకి వచ్చినవాళ్లు, తాండవ నది అవతల పాయకరావుపేట నుంచి పని మీద వచ్చినవాళ్లు కూడా "భాయ్, వైఫై పాస్‌వర్డ్ చెప్పండి, పీడీఎఫ్ పంపాలి" అని అడిగి అదే వైఫైలోకి వస్తారు. పాస్‌వర్డ్ లేకుండా తెరిచిపెట్టిన ఫోల్డర్ వాళ్ల ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. అందులో ఇంట్లో అందరి ఆధార్‌లు, పాస్‌పోర్ట్‌లు, దాదా కాలం నాటి పొలం దస్తావేజుల స్కాన్లు, నికా ఫొటోలు ఉంటే? ఇంటి ఆడవాళ్ల ఫొటోలు బయటివాళ్ల కంట పడకూడదనుకునే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

ఎస్ఎంబీ వన్ సంగతి ఇంకా పాతది. ఫైళ్లు, ప్రింటర్లు పంచుకోవడానికి కంప్యూటర్లు మాట్లాడుకునే భాష పేరు ఎస్ఎంబీ. దాని మొదటి రూపంలోని లోపాన్ని పట్టుకునే 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే మందు ఇచ్చింది, కానీ అప్‌డేట్ చేసుకోనివాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ వన్ మామూలుగా ఉండటమే మానేసింది. కొట్టులో ఉన్నది విండోస్ 7 అయినా సరే, దానికి ఎస్ఎంబీ రెండో రూపం వచ్చు. విండోస్ ఎక్స్‌పీ లాంటి మరీ పాతవాటికి తప్ప మొదటి రూపంతో పని లేదు.

కాబట్టి అన్ని తలుపులూ తీసేయడం కన్నా, ఏ తలుపు దగ్గర ఆగిందో చూడటం మేలు. వరసగా చూస్తే పావుగంట పని.

అసలు అందరూ ఒకే వైఫైలో ఉన్నారా?

కరెంటు పోతుంది. ఇన్వర్టర్ మీద లేని రౌటర్ ఆగిపోతుంది. అమ్మాయి ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుపుకుంటుంది. కరెంటు వచ్చాక కూడా ల్యాప్‌టాప్ అక్కడే ఉండిపోతుంది. ఇంటర్నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ప్రింటర్ మాత్రం కనబడదు.

రెండో రకం, ఇంట్లో రెండు రౌటర్లు. ఫైబర్ కనెక్షన్ వాళ్లిచ్చిన పెట్టె ఒకటి, మేడ మీదకి సిగ్నల్ రావడం లేదని కొన్న రౌటర్ ఇంకొకటి. రెండోది కూడా సొంతంగా అడ్రస్‌లు పంచుతుంటే అది ఇంట్లో ఇంకో ఇల్లు కట్టినట్టే. కనుక్కోవడం తేలిక. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో కొడితే ఐపీవీ4 అడ్రస్ కనిపిస్తుంది. మ్యాక్‌లోనూ ఫోన్‌లోనూ వైఫై వివరాల్లో ఉంటుంది. ఒకచోట 192.168.1.10, ఇంకోచోట 192.168.1.23 ఉంటే సరే. ఒకటి 192.168.1.10, రెండోది 192.168.0.5 అయితే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లన్నమాట. రెండో రౌటర్‌ని దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్‌కి మారిస్తే ఇల్లు మళ్లీ ఒక్కటవుతుంది.

పింగ్ చేసి చూడమని కొందరు చెబుతారు. పింగ్‌కి జవాబు వస్తే దారి ఉన్నట్టే. రాకపోతే మాత్రం దారి లేదని అనుకోవద్దు, చాలాసార్లు ఫైర్‌వాలే జవాబు ఇవ్వనివ్వదు.

అడ్రస్‌లు కలిశాక చూడాల్సింది విండోస్ ఈ వైఫైని ఏమనుకుంటోందన్నది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై ప్రాపర్టీస్‌కి వెళ్తే పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఉంటాయి. పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్‌లో కూర్చున్నట్టు, ఎవరికీ కనబడకుండా విండోస్ తనను తాను దాచుకుంటుంది. ఇంట్లో ప్రైవేట్ ఉండాలి. రౌటర్ మార్చిన మర్నాడు "నిన్నటిదాకా బాగానే ఉంది" అనే మాటకి కారణం చాలాసార్లు ఇదే. కొత్త రౌటర్ అంటే విండోస్‌కి కొత్త ఊరు, మళ్లీ పబ్లిక్ దగ్గర మొదలుపెడుతుంది. ఫైర్‌వాల్ ఆపక్కర్లేదు, ఈ ఒక్క బొత్తం మారిస్తే చాలు. ప్రైవేట్‌కి నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్‌లో ఉన్నాయో లేదో అక్కడే చూడాలి.

ఇక పేరు. నెట్‌వర్క్ అనే చోట కొట్టు కంప్యూటర్ బొమ్మ కనబడకపోయినా కంగారు పడనక్కర్లేదు, ఆ జాబితా ఎప్పుడూ నమ్మదగ్గది కాదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో \\192.168.1.10 అని నేరుగా అడ్రస్ కొట్టాలి. మ్యాక్‌లో ఫైండర్‌లో కమాండ్, కె నొక్కి, ఉబుంటులో ఫైల్స్ కిటికీలో, ఎస్ఎంబీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు, కోలన్, రెండు ముందు గీతలు పెట్టి అదే అడ్రస్. అడ్రస్‌తో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే తప్పు పేరు దగ్గరే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్ కొత్త నంబర్ ఇస్తుంటే, దాని సెట్టింగ్స్‌లో కొట్టు కంప్యూటర్‌కి ఒకే నంబర్ రిజర్వ్ చేయించుకోవచ్చు.

పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏది కొట్టినా ఒప్పుకోదు

ఎక్కువ ఇళ్లలో పని ఆగేది ఇక్కడే. రోజూ కంప్యూటర్ తెరవడానికి కొట్టే నాలుగంకెల పిన్ ఆ కంప్యూటర్ వరకే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. పాస్‌వర్డే పెట్టని యూజర్ అయితే విండోస్ అతన్ని బయటి నుంచి రానివ్వనే రానివ్వదు. అబ్బా కంప్యూటర్‌కి ఎన్నడూ పాస్‌వర్డ్ పెట్టలేదు, అందుకే ఇంట్లో ఎవరికీ ఫోల్డర్ తెరుచుకోదు. వింతగా ఉన్నా కారణం అదే.

తెలిసినబ్బాయి చెప్పిన మందు పనిచేయకపోవడానికీ కారణం ఇక్కడే ఉంది. పాస్‌వర్డ్ తీసేస్తే లోపలికి వచ్చేవాడు గెస్ట్ కింద లెక్క. 2024 అక్టోబర్‌లో వచ్చిన 24హెచ్2 నుంచి విండోస్ 11 ప్రో గెస్ట్‌గా వేరే కంప్యూటర్‌లోకి వెళ్లడానికి మామూలుగా ఒప్పుకోదు. అంటే బయటివాళ్ల ఫోన్‌కి తలుపు తెరుచుకుంటుంది, ఇంటి అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్‌కి మాత్రం తెరుచుకోకపోవచ్చు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. కొట్టు కంప్యూటర్‌లో ఇంటివాళ్ల కోసం వేరే యూజర్‌ని చేయాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేని లోకల్ యూజర్. పేరు "ఘర్" అనో "ఇల్లు" అనో ఇంగ్లిష్ అక్షరాల్లో, గట్టి పాస్‌వర్డ్‌తో. తర్వాత ఫోల్డర్‌కి ఆ ఒక్క యూజర్‌ని చేర్చాలి. ఇక్కడ రెండు చోట్ల అనుమతి కావాలి. ప్రాపర్టీస్‌లో షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకొకటి. రెంటిలో ఏది తక్కువైతే అదే నడుస్తుంది. ఫైల్ తెరుచుకుని సేవ్ కాకపోతే రెండోది చూడలేదని అర్థం. మొత్తం సీ డ్రైవ్‌ని షేర్ చేయడం అస్సలొద్దు, ఒక్క ఫోల్డర్ చాలు.

మిగతా కంప్యూటర్ల నుంచి వచ్చేటప్పుడు యూజర్‌నేమ్ దగ్గర కొట్టు కంప్యూటర్ పేరు, వెనక గీత, తర్వాత యూజర్ పేరు రాయాలి. లేకపోతే విండోస్ కొన్నిసార్లు తన సొంత పేరే తగిలించి పంపుతుంది. ఎప్పుడో కొట్టిన పాత పాస్‌వర్డ్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాగి ఉంటే దాన్ని తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేయాలి. మ్యాక్‌లోని ఫోల్డర్‌ని విండోస్ నుంచి తెరవాలంటే మ్యాక్ ఫైల్ షేరింగ్ ఆప్షన్స్‌లో ఆ యూజర్ పేరు పక్కన టిక్ పెట్టాలి. ఉబుంటులో సాంబా వాడితే సాంబాకి విడిగా పాస్‌వర్డ్ పెట్టాలి, లాగిన్ పాస్‌వర్డ్ సరిపోదు.

ఫైళ్లు వస్తున్నాయి, ప్రింటరే రాదు

యూఎస్‌బీ ప్రింటర్‌కి తనంతట తానుగా నెట్‌వర్క్ తెలియదు. కొట్టు కంప్యూటర్ దాని తరఫున మాట్లాడుతుంది. అది నిద్రపోతే, అంటే స్లీప్‌లోకి వెళ్తే, ఇంట్లో అందరికీ ప్రింటర్ ఆఫ్‌లైనే. ముందు ఆ కంప్యూటర్ నుంచే ఒక పేజీ తీసి చూడాలి. అక్కడే రాకపోతే నెట్‌వర్క్‌ని తిట్టి లాభం లేదు.

విండోస్ నుంచి విండోస్‌కి షేర్ చేసినప్పుడు చివర 11బి అని ఉండే ఎర్రర్ నంబర్ వస్తే దానికో కథ ఉంది. 2021 జూలైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే పేరుతో విండోస్ ప్రింటింగ్‌లో పెద్ద లోపం బయటపడింది. ఆ తర్వాత వరసగా అప్‌డేట్‌లు వచ్చాయి. సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత రెండు కంప్యూటర్ల మధ్య భద్రత సమంగా లేకపోతే ప్రింటర్ కలవడం మానేసింది. రిజిస్ట్రీలో ఒక విలువని సున్నా చేయమని వీడియోలు చెబుతాయి. అది ఆ తాళాన్ని తీసేయడమే. ముందు రెండు కంప్యూటర్లనూ పూర్తిగా అప్‌డేట్ చేయాలి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ డ్రైవర్‌ని విడిగా ఎక్కించి, యాడ్ ప్రింటర్‌లో లోకల్ పోర్ట్ ఎంచుకుని, పోర్ట్ పేరుగా కొట్టు కంప్యూటర్ పేరు, ప్రింటర్ షేర్ పేరు ఇస్తే చాలాసార్లు పనవుతుంది.

విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. కొట్టులో వాటిని నడిపేవాళ్లు ఈ తేదీలు గుర్తుంచుకోవాలి.

మ్యాక్, లైనక్స్‌లకి డ్రైవర్ అసలు సమస్య. షేరింగ్ కాగితాన్ని మోసుకెళ్తుందే గానీ ప్రింటర్ భాష నేర్పదు. మన జిరాక్స్ సెంటర్లలో ఏళ్లుగా నడుస్తున్న కెనాన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివి తమ సొంత భాషే మాట్లాడతాయి, కొత్త మ్యాక్‌లకి వాటి డ్రైవర్ దొరకడం కష్టం. దాంతో రోజంతా కుస్తీ పట్టే బదులు షేర్ ఫోల్డర్‌లో "ప్రింట్" అని ఇంకో ఫోల్డర్ పెట్టి, మామూ అక్కడ పీడీఎఫ్ వేస్తే, కొట్టులో ఉన్నవాళ్లు తీసి ఇవ్వడం తేలిక. గొప్ప పరిష్కారం కాదు గానీ ఆఖరి రోజు సాయంత్రం ఇదే ఆదుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు మాత్రం వైఫైతో పాటు ఎయిర్‌ప్రింట్, మోప్రియా ఉన్నాయా అని అడగాలి. ఉంటే ఐఫోన్, ఆండ్రాయిడ్, మ్యాక్ నేరుగా ప్రింట్ ఇస్తాయి, మధ్యలో కంప్యూటర్ అక్కర్లేదు.

ఫైల్ చేరింది, అక్షరాలు లేవు

ఇది నెట్‌వర్క్ తప్పు కాదు గానీ, తిట్లు నెట్‌వర్కే తింటుంది. ఉర్దూ షాదీ కార్డు ఇన్‌పేజ్‌లో చేసి షేర్ ఫోల్డర్‌లో పెడితే ఇన్‌పేజ్ లేని మ్యాక్ దాన్ని తెరవలేదు. తెలుగు పక్క అను ఫాంట్లతో కొట్టి ఉంటే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పిచ్చి గుర్తులు కనబడతాయి. ఇలాంటివి చేసిన కంప్యూటర్‌లోనే పీడీఎఫ్‌గా మార్చి పెట్టాలి. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఇమిడిపోతే నస్తాలీఖ్ వంపులు ఎక్కడ తెరిచినా అలాగే ఉంటాయి.

అన్నీ కుదిరాక చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. చాలా రౌటర్లలో గెస్ట్ వైఫై ఉంటుంది. కొట్టుకి వచ్చేవాళ్లకి ఆ పేరు, ఆ పాస్‌వర్డ్ ఇస్తే ఇంటర్నెట్ వస్తుంది, ఇంటి కంప్యూటర్లు కనబడవు. ఇన్నాళ్లూ అందరికీ చెప్పిన పాత పాస్‌వర్డ్ కూడా అదే రోజు మార్చేయాలి. ఆ తర్వాత ఇంట్లో ఎవరికైనా ప్రింటర్ కనబడకపోతే, వాళ్ల ఫోన్ పొరపాటున గెస్ట్ వైఫైలోకి వెళ్లిందేమో ముందు చూడండి.