కొండ నెక్కిన ఇంజనుకు ఊపిరి

మోటారు ఇంజను పెట్రోలు త్రాగి పనిచేయునని మనము అనుకొందుము. ఆ మాట సగమే సత్యము. ఒక పాలు పెట్రోలు చక్కగా మండుటకు, బరువు లెక్కను, సుమారు పదునైదు పాళ్ళ గాలి కావలెను. అనగా ఇంజను త్రాగునది కొంచెము, పీల్చునది మెండు. కావుననే గాలి పలుచబడిన చోట, టాంకు నిండ పెట్రోలున్నను, ఇంజను బలము తగ్గిపోవును.

సముద్రతీరమున వాయుపీడనము 760 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. పైకి పోయిన కొలది అది తగ్గును. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున పైక్స్ పీక్ అను శిఖరము కలదు. దాని ఎత్తు 4,302 మీటర్లు; మన తిరుమల కొండకు సుమారు అయిదింతలు. అచ్చట పీడనము రమారమి 445 మిల్లీమీటర్లు మాత్రమే. చలి గాలిని కొంత చిక్కబరచును గనుక, ఇంజను ఒక్కొక్క గ్రుక్కలో పీల్చు గాలి తీరమున పీల్చుదానిలో నూటికి 65 వంతుల వరకు ఉండును. బలమును దాదాపు ఆ లెక్కనే తగ్గును.

నిప్పు మందగించినపుడు కమ్మరి కొలిమితిత్తిని ఊదును. ఇంజనుకును అట్టి తిత్తి యొకటి కలదు. దానినే సూపర్‌ఛార్జరు అందురు. ఇంజను ఇరుసు త్రిప్పగా బెల్టుతో తిరుగు ఈ యంత్రము, బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. ఇది యున్నచో కొండ మీద ఏ లోటును ఉండదని చాలమంది తలంతురు. పొరపాటు ఇచ్చటనే యున్నది.

తిత్తి గాలిని పుట్టించదు. దొరకిన గాలిని హెచ్చవేయును, అంతే. ఒక సూపర్‌ఛార్జరు గాలిని ఒకటిన్నర రెట్లు నొక్కుననుకొందము. తీరమున 760 మిల్లీమీటర్ల పీడనము 1,140 అగును. పైక్స్ పీక్ మీద 445 కాస్త 667 మాత్రమే యగును. తీరమున తిత్తి లేని ఇంజనుకు ఊరక దొరకు పీడనము కంటె ఇది తక్కువ! తిత్తి లేని ఇంజను నూటికి ఎన్ని వంతులు నష్టపోవునో, తిత్తి గల ఇంజనును దాదాపు అన్ని వంతులే నష్టపోవును. అయినను, కొండ మీద రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపినచో, తిత్తి గలదే బలమైనది.

మరి, గాలి తగ్గిన కొలది తిత్తిని వడిగా త్రిప్పరాదా? బెల్టు అందుకు ఒప్పదు. ఇంజను ఎంత వడిగా తిరిగిన తిత్తియు దానికి తగినట్లే తిరుగవలెను. ఈ బంధమును త్రెంచినది టర్బో. దీనిని త్రిప్పునది బెల్టు కాదు, ఇంజను విడుచు వేడి పొగ. పలుచని గాలిలోనికి పొగ సులువుగా వెడలును గనుక, టర్బో చక్రము మరింత వడిగా తిరుగగలదు. పల్లమున మిగులు పొగను ప్రక్కకు వదలు తలుపు కొండ మీద మూసికొని, ఆ బలమును కూడ చక్రమునకే ఇచ్చును.

మొదటి ప్రపంచయుద్ధకాలమున విమానముల ఇంజనులు ఎత్తున నీరసించుట సైన్యమునకు పెద్ద చిక్కైనది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన స్యాన్‌ఫర్డ్ మాస్, లిబర్టీ అను విమానపు ఇంజనును లారీపై నెక్కించి పైక్స్ పీక్ శిఖరమునకు చేర్చెను. తీరమున 350 అశ్వశక్తులున్న ఆ ఇంజను శిఖరమున 230 మాత్రమే చూపినది. టర్బో తగిలించగా 356 చూపినది. అయితే టర్బోకును హద్దు కలదు. చక్రము ఓర్వగల వేగము దాటరాదు. గాలిని ఎక్కువగా నొక్కిన కొలది అది వేడెక్కును.

కొండదారి నెక్కువారు ఈ లెక్కను మరువరాదు. సన్నని దారిలో ముందరి లారీని దాటబోవునపుడు, పల్లమున అలవాటైన ఊపు అందదు. ఎదుటి బండి దూరమును ఎక్కువగా విడిచిపెట్టవలెను. కొందరు చిన్న కప్పీని అమర్చి తిత్తిని వడిగా త్రిప్పుదురు. శిఖరమున 1,140 మిల్లీమీటర్లు రప్పించునట్లు అమర్చినచో, అదే బండి తీరమునకు దిగినపుడు పీడనము 1,900 దాటును. అప్పుడు పెట్రోలు అదను తప్పి ప్రేలి, పిస్టనులు పగులవచ్చును. కొండకు చేసిన మందు పల్లమున విషమగును.

1916లో మొదలైన పైక్స్ పీక్ పందెమునకు నేటి దారి 156 మలుపులతో సుమారు 20 కిలోమీటర్లు. 2013లో టర్బో ఇంజను గల కారుతో సెబాస్టియన్ లోబ్ దానిని 8 నిమిషముల 13 సెకండ్లలో ఎక్కెను. 2018లో రొమెయిన్ డ్యూమాస్ విద్యుత్తు కారుతో 7 నిమిషముల 57 సెకండ్లలో ఎక్కి, ఎనిమిది నిమిషముల గీతను తొలిసారి దాటెను. విద్యుత్తు మోటారు గాలి పీల్చదు. శిఖరమున దానికి ఊపిరి కొరతయే లేదు. ఇంజనులు తరతరములుగా తిత్తులతో పోరాడిన ఎత్తును, ఊపిరియే అక్కరలేని యంత్రము గెలిచినది.