నాలుగు చుక్కల్లో ఒక వంపు

ఫ్లెక్సీ షాపుకు ఫైలు పంపగానే అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న: "కర్వ్స్ చేశారా అండీ?" చేయకపోతే ఏమవుతుందో ఒక్క బ్యానరైనా వేయించినవాళ్లకు తెలుసు. మన అను ఫాంటు వాళ్ల కంప్యూటర్లో లేకపోతే "శుభాకాంక్షలు" కాస్తా పిచ్చిగుర్తుల వరస అయిపోతుంది. అందుకే కోరల్‌డ్రాలో అంతా సెలెక్ట్ చేసి కంట్రోల్-క్యూ కొడతాం. అక్షరం అక్షరంగా ఉండటం మానేసి బొమ్మవుతుంది.

పాలిటెక్నిక్ క్లాసులో ఒక కుర్రాడు దీని గురించే అడిగాడు. "తిన్నటి గీతంటే రెండు కొసలు రాసుకుంటే చాలు సార్. మరి వంకర గీతని కంప్యూటర్ ఎలా గుర్తుపెట్టుకుంటుంది?" మన లిపిలో తిన్నటి గీతే అరుదు కాబట్టి, ఈ ప్రశ్న తెలుగువాడికి రావాల్సిందే. జవాబు మాత్రం ఫ్రాన్సులోని కార్ల కంపెనీల్లో దొరుకుతుంది.

ముందు ఫోటో సంగతి తేల్చేద్దాం. ఫోటోలో వంపులుండవు, రంగు గడులే ఉంటాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో 1200 గడుల వెడల్పుందనుకోండి. దాన్ని 10 అడుగుల బ్యానరు నిండా పరిస్తే అంగుళానికి 10 గడులే వస్తాయి. ఒక్కో గడి రెండున్నర మిల్లీమీటర్లు. దగ్గరికెళ్తే నాయకుడి మీసం మెట్లుమెట్లుగా కనపడేది అందుకే. అదే ఫ్లెక్సీ మీద ఆయన పేరు మాత్రం ఎంత దగ్గరికెళ్లినా నున్నగా ఉంటుంది. ఆ నునుపు ఎక్కడిదో చూడాలంటే గ్రాఫ్ కాగితం తీసుకోండి.

కాగితం మీద ఎడమ మూలన ఒక చుక్క పెట్టి "అ" అనండి. దానికి సరిగ్గా 8 గడుల పైన "ఆ", అక్కణ్ణుంచి కుడికి 8 గడుల దూరంలో "ఇ", దాని కింద 8 గడులకు "ఈ". అ-ఆ, ఆ-ఇ, ఇ-ఈ కలపండి. తలుపు చట్రంలా మూడు గీతలు వస్తాయి. ఒక్కో గీతకూ నడిమధ్యన చుక్క పెట్టండి, మూడు చుక్కలు. ఆ మూడింటినీ వరసగా కలిపితే రెండు గీతలు. వాటి మధ్యలో రెండు చుక్కలు. ఆ రెండింటినీ కలిపి, దాని మధ్యలో మరో చుక్క. ఆఖరి చుక్క "అ" కంటే 6 గడుల ఎత్తులో, సరిగ్గా మధ్యన పడుతుంది. మనకు కావలసిన వంపు మీద ఉండే చుక్క అదే.

అసలు తమాషా ఇప్పుడు మొదలవుతుంది. ఆ చుక్క దగ్గర వంపు రెండు ముక్కలైంది కదా. ఎడమ ముక్కకు కావలసిన నాలుగు చుక్కలు ఇందాకటి పనిలోనే తయారైపోయాయి: "అ", అ-ఆ మధ్య చుక్క, రెండో వరసలోని ఎడమ చుక్క, ఆఖరి చుక్క. కుడి ముక్కకూ అంతే. మళ్లీ అదే పని చేస్తే 4 ముక్కలు, 8, 16. పదిసార్లు చేస్తే 1024. ఆ పాటికి ఒక్కో ముక్క తిన్నటి గీతకు తేడా తెలియనంత చిన్నదైపోతుంది. కంప్యూటర్ చేసిందల్లా కూడటం, సగం చేయడం. ఇంత తక్కువ లెక్కతో ఇంత అందమైన వంపు వచ్చే పద్ధతి నాకు ఇంకోటి తెలీదు.

మధ్యలోని "ఆ", "ఇ" చుక్కల్ని వంపు తాకదు. మెలికల ముగ్గులో గీత చుక్కని ముట్టకుండా పక్కనుంచి తిరిగిపోయినట్టు, వాటివైపు మొగ్గి తిరిగిపోతుంది. "అ" దగ్గర వంపు బయల్దేరే దిక్కు అ-ఆ గీతే చెబుతుంది. కోరల్‌డ్రాలో నోడ్ పట్టుకోగానే పక్కకు పొడుచుకొచ్చే హ్యాండిల్ చివర ఉన్నది ఈ "ఆ" చుక్కే.

మరి బ్యానరు ఎంత పెద్దదైనా వంపు చెడిపోదెందుకు? నాలుగు చుక్కల్ని వందరెట్లు దూరం జరపండి. మధ్య చుక్క అప్పుడూ మధ్యలోనే ఉంటుంది. సగాలు తీసి పెంచినా, పెంచి సగాలు తీసినా వచ్చేది ఒకటే వంపు. అడుగుకు అంగుళం లెక్కన డిజైన్ చేసి పంపినా షాపువాడు అక్షరాల గురించి బెంగపడడు. ఫోటోల గురించి మాత్రం పడాలి. అసలు సైజులో అంగుళానికి 72 గడులు కావాలంటే, ఆ చిన్న డిజైన్‌లో అంగుళానికి 864 ఉండాలి.

ఈ సగాల లెక్క పాల్ ద కాస్తెల్జోది. 1958లో సిట్రోయెన్ కార్ల కంపెనీలో చేరిన కుర్ర గణితజ్ఞుడు. అప్పట్లో కారు బాడీ వంపు మట్టి నమూనాలో, చెక్క అచ్చులో ఉండేది. కాగితం మీది గీతకూ, అచ్చుకూ, చివరికి వచ్చిన రేకుకూ పొంతన కుదిరేది కాదు. వంపును అంకెలుగా రాసేస్తే తగాదా తీరిపోతుందని ఆయన 1959లో ఈ పద్ధతి రాశాడు. సిట్రోయెన్ దాన్ని రహస్యంగా దాచేసింది.

ఫ్రాన్సులోనే పోటీ కంపెనీ రెనాల్ట్‌లో పియరే బెజియే అనే మెకానికల్ ఇంజినీరుండేవాడు. వయసు యాభై దాటాక ఆయనకూ అదే గొడవ తలకెక్కింది. వేరే దారిన వెళ్లి అదే వంపు దగ్గరికి చేరాడు, యూనిసర్ఫ్ అనే వ్యవస్థ కట్టాడు. రెనాల్ట్ ఆయన్ని ప్రచురించనిచ్చింది. దాంతో ప్రపంచమంతా దాన్ని బెజియే వంపు అంది. ఇద్దరి లెక్కల అడుగునా ఉన్నది ఒకటే. రష్యన్ సామ్రాజ్యంలో పుట్టిన సెర్గేయ్ బెర్న్‌స్టీన్ 1912లో, కార్ల ఊసే లేకుండా, వేరే సిద్ధాంతం నిరూపించడానికి వాడిన బహుపదులు. సిట్రోయెన్ పత్రాలు 1970లలో బయటపడ్డాక గానీ కాస్తెల్జో ముందువాడని తెలీలేదు. ఆ సంగతి బెజియే కూడా ఒప్పుకున్నాడు. నన్నడిగితే ఆ పేరులో కాస్తెల్జోకూ సగం వాటా ఉండాల్సింది. రహస్యం దాచి కంపెనీ ఏం బావుకుందో తెలీదు, మనిషి మాత్రం నష్టపోయాడు.

తర్వాత కథ గబగబా నడిచింది. 1982లో మొదలైన అడోబీ సంస్థ తన పోస్ట్‌స్క్రిప్ట్ భాషలో ఈ నాలుగు చుక్కల వంపునే పెట్టుకుంది. 1987లో ఇలస్ట్రేటర్, 1989లో కెనడా నుంచి కోరల్‌డ్రా వచ్చాయి. అడోబీతో పోటీగా యాపిల్ 1991లో తెచ్చిన ట్రూటైప్ ఫాంట్లు మూడు చుక్కలతో సరిపెట్టుకున్నాయి. ఇప్పుడు ఫ్లెక్సీ ప్రింటరు పక్కనున్న రిప్ సాఫ్ట్‌వేర్ వంపులన్నిటినీ సన్నగా తరిగి, నాలుగు రంగుల సిరా చుక్కలుగా మార్చేస్తోంది. రేడియం స్టిక్కరు కోసే యంత్రంలో బ్లేడు కూడా ఈ వంపుల వెంటే నడుస్తుంది. ఆటో ట్రేస్ కొట్టి వేలకొద్దీ నోడ్లతో ఫైలిస్తే అది అడుగడుగునా తడబడి అంచులు గరుగ్గా కోసేది అందుకే.

ఒక చిన్న మోసం కూడా చెప్పాలి. ఈ వంపుతో కచ్చితమైన వృత్తం గీయడం అసాధ్యం. కర్వ్స్ చేసిన ప్రతి వృత్తమూ నాలుగు ముక్కలు కలిపిన నకలే. హ్యాండిల్ పొడవు వ్యాసార్థంలో 0.5523 వంతు పెడితే తేడా వ్యాసార్థంలో 0.03 శాతం కూడా ఉండదు. 10 అడుగుల చక్రం వేయించినా అది అర మిల్లీమీటరు లోపే.

ఫైలు పంపేముందు రెండు పనులు చేయండి. కర్వ్స్ చేసిన ఫైలును వేరే పేరుతో సేవ్ చేసి, అసలుది దాచుకోండి. అలాగే కర్వ్స్ చేయకముందే పేర్లూ తేదీలూ ఇంకొకరి చేత చదివించండి. ఆ తర్వాత అవి అక్షరాలు కావు కాబట్టి తప్పు కనబడినా టైపు చేసి దిద్దలేరు.