పరాయి రాష్ట్రంలో పొద్దు గడిచేదెట్లా?

మన ఊళ్ల నుంచి సూరత్ పోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి మగ్గం పని తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి అక్కడికి పోతున్నారు. సూరత్ గుజరాత్ రాష్ట్రంలో ఉంది. తాపీ నది ఒడ్డున ఉన్న పెద్ద పట్నం. చీరల బట్టకు పేరున్న ఊరు. అక్కడ లింబాయత్, ఉధనా అనే పేటల్లో నడుస్తుంటే తెలుగు మాట చెవిన పడుతూనే ఉంటుంది.

పోయేముందు అందరూ అడిగేవి మూడే ప్రశ్నలు. పని దొరుకుతుందా? కూలి ఎంత? అర్ర కిరాయి ఎంత? ఇవి అడగాల్సినవే. కాని ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని ఎవరూ అడగరు. అక్కడ పొద్దు ఎట్లా గడుస్తుంది? ముఖ్యంగా ఇంట్లో ఉండే ఆడవాళ్లకు?

మా పెద్దమ్మ కూతురు సంగతి చెప్తాను. పెళ్లయిన మూడో ఏడు ఆమె సూరత్ పోయింది. బావకు పవర్‌లూమ్ కార్ఖానాలో పని. పన్నెండు గంటల పాళీ. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. ఇల్లంటే ఒకటే అర్ర. బావ రాత్రి పాళీ చేసి పొద్దున వచ్చి పడుకుంటాడు. ఇక ఆ అర్రలో గిన్నె చప్పుడు కావద్దు. పిల్ల ఏడవద్దు. పిల్లకు అప్పుడు రెండేళ్లు. రెండేళ్ల పిల్ల ఊరుకుంటుందా? అక్క పిల్లను చంకనేసుకొని గడప బయట కూర్చునేది. ఎండ వస్తే అవతలి గోడ నీడకు పోయేది. ఆరు నెలల్లో గల్లీ మలుపు దాటి పోలేదు. కూరగాయలు కూడా బావనే తెచ్చేవాడు. ఫోన్ చేస్తే ఒకటే మాట, "నన్ను తీస్కపోండ్రి."

దసరాకు ఊరికి వచ్చినప్పుడు మళ్లీ పోనని మొండికేసింది. పెద్దమ్మ ఒడిలో తల పెట్టుకొని ఏడ్చింది. అయినా పోక తప్పలేదు.

రెండేళ్ల తరువాత, పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను వరంగల్‌లో నవజీవన్ రైలు ఎక్కి సూరత్ పోయాను. స్టేషన్‌కు బావ వస్తాడనుకున్నాను. అక్క వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఆటోవాడితో బేరమాడింది. నాకు నోట మాట రాలేదు. "ఏందక్కా, ఇంత మారిపోయినవ్?" అంటే నవ్వింది. ఉన్న పది రోజులూ ఊరంతా తనే తిప్పింది. ఇది ఎట్లా అయిందో ఆమెను అడిగి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

అరుగు మీద కూర్చుంటే

అక్క ఉండే గల్లీలో గుజరాతీ ఇళ్లు కూడా ఉన్నాయి. ఇంటి ముందు అరుగు ఉంటుంది. దాన్ని వాళ్లు ఓట్లో అంటారు. మధ్యాహ్నం పనులు తీరినాక ఆడవాళ్లు ఓట్లో మీద కూర్చుంటారు. చలికాలంలో పచ్చి కందికాయలు ఒలుస్తారు. కందులను వాళ్లు తువేర్ అంటారు. ఒకనాడు ఒక ముసలామె చేట ముందు పెట్టుకొని కాయలు ఒలుస్తోంది. అక్క పిల్లను ఆడిస్తూ చూస్తోంది. ముసలామె చేయి ఊపి పిలిచింది. అక్క పోయి కూర్చొని చేటలో సగం ఒలిచి పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. మాట రాదు మరి.

మర్నాడు ముసలామె, "కేమ్ ఛో, బెన్?" అన్నది. ఎట్లా ఉన్నావు చెల్లీ అని. మూడు రోజులకు అక్క జవాబు నేర్చుకుంది, "మజామా." హాయిగా ఉన్నానని. అప్పటికి హాయిగా ఏం లేదు. అయినా అన్నది. గుజరాత్‌లో ముక్కూ ముఖం తెలియని ఆడమనిషిని కూడా బెన్ అని, మగమనిషిని భాయ్ అని పిలుస్తారు. పెద్దామెను మాసీ అంటారు. మనం చిన్నమ్మ అన్నట్టు. వరస కలిపి పిలవడం మనకు కొత్త కాదు కదా. అందుకే ఆ మాటలు అక్కకు తొందరగా వచ్చాయి.

ఆ తరువాత కూరగాయల బండి. ఇక్కడే నవ్వులాట. కొత్తిమీరను వాళ్లు కోథ్‌మీర్ అంటారు. అది మన మాటే! కాని ఆంబ్లీ అంటే తాగే అంబలి కాదు, చింతపండు. చోఖా అంటే బియ్యం. గోళ్ అంటే బెల్లం. కరివేపాకు మీఠో లీమ్డో. అన్నిటికంటే ఉప్పుతో వచ్చింది చిక్కు. గుజరాతీలో ఉప్పును మీఠూ అంటారు. హిందీలో మీఠా అంటే తీపి. అక్కకు కొంచెం హిందీ వచ్చు. పండుగనాడు పిల్లకు మిఠాయి కొందామని దుకాణంలో మీఠూ అని అడిగింది. దుకాణదారు ఉప్పు ప్యాకెట్ తీసి ఇచ్చాడు. అది తీసుకొని ఇంటికి వచ్చి విప్పితే ఉప్పు! బావ ఆ రోజు పడీ పడీ నవ్వాడట. మొగుడూ పెళ్లాం కలిసి నవ్వింది అక్కడికి పోయినాక అదే మొదటిసారి అని అక్క చెప్పింది.

అక్షరాలు చూసి భయపడొద్దు

మీరు ఇప్పుడిప్పుడే తెలుగు చదవడం నేర్చుకున్నారు. "మళ్లీ ఇంకో భాషా? మా వల్ల కాదు" అనుకుంటారేమో. కాని ఒక్క సంగతి వినండి. గుజరాతీ అక్షరమాల కూడా క, ఖ, గ, ఘ అనే వరసలోనే నడుస్తుంది. చ, ఛ, జ, ఝ కూడా అంతే. మనకు గుణింతం ఉన్నట్టే వాళ్లకూ ఉంది. దాన్ని బారాఖడీ అంటారు. ఆకారం వేరు, వరస ఒకటే. హిందీ అక్షరాలకు పైన గీత ఉంటుంది. గుజరాతీ అక్షరాలకు ఆ గీత ఉండదు.

అక్క మా ఊరి సాయంత్రం కేంద్రంలో తెలుగు నేర్చుకుంది. అక్కడ పనికి వచ్చింది అదే. ఒక నోటుపుస్తకం కొన్నది. ఎడమ పక్క తెలుగు క రాసింది. కుడి పక్క ముసలామె మనవరాలితో గుజరాతీ క రాయించుకుంది. రోజుకు రెండు అక్షరాలు. అంకెలు ముందు నేర్చుకుంది. గుజరాతీలో రెండు, మూడు మనకు తెలిసిన అంకెల్లాగే ఉంటాయి. ఐదు, ఆరు తికమక పెడతాయి. కొన్ని బస్సుల మీద, కొన్ని ధరల పలకల మీద ఈ అంకెలే ఉంటాయి. అవి రాకపోతే ప్రతిదానికీ ఇంకొకరిని అడగాలి. అడిగి అడిగి మనిషికి విసుగు వస్తుంది. విసుగొస్తే ఇల్లు కదలబుద్ధి కాదు.

అంకెలు వచ్చిన నెలలోనే అక్క బస్సెక్కి డుమస్ పోయింది. డుమస్ ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరం. అక్కడ సముద్రం ఉంది. ఇసుక నల్లగా ఉంటుంది. సెలవు దొరికిన రోజు జనం అక్కడికి పోయి వేడి వేడి భజియాలు తిని వస్తారు. మా అక్క పుట్టి బుద్ధెరిగినాక సముద్రం చూడలేదు. మా వాడలో ఎవరూ చూడలేదు. పిల్లను నీళ్ల అంచున నిలబెట్టి, "అలొచ్చి కాళ్లు కడిగి పోయింది, సూడే" అన్నదట. నన్నూ తీసుకుపోయింది. నేనూ అప్పుడే చూశాను. టీచర్‌నై ఉండి సముద్రం పాఠం చూడకుండానే చెప్పినందుకు నాకే నవ్వొచ్చింది.

ఊరి కబుర్లు కొన్ని

1994లో సూరత్‌లో ప్లేగు వచ్చింది. లక్షల మంది ఊరు విడిచి పారిపోయారు. మన మగ్గం పనివాళ్లు కూడా మూటాముల్లె సర్దుకొని వచ్చేశారని మా ఊరి పెద్దలు చెప్తారు. 1995లో ఎస్.ఆర్. రావు అనే అధికారి అక్కడ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. చెత్త ఎత్తడం, వీధులు ఊడ్వడం రోజువారీ పని అయింది. అధికారులే పొద్దున్నే వీధుల్లో తిరిగి చూసేవారు. ఊరి పేరు మారింది. అయితే అన్ని గల్లీలూ శుభ్రమని నేను రాయను. అక్క గల్లీలో కాలువ వానకు పొంగుతుంది. ముందు కంటే నయం అంటారు, అంతే.

ఇంకో సంగతి. 1960లో గుజరాత్ రాష్ట్రం ఏర్పడింది. అప్పటి నుంచీ అక్కడ మద్య నిషేధం ఉంది. దొంగచాటున దొరకదని కాదు. కాని గల్లీ మొగన దుకాణం ఉండదు. జీతం రోజున మగమనిషి నేరుగా ఇంటికి వస్తే అది ఆడదానికి ఎంత సుఖమో మన అక్కలకు చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకొని సారా దుకాణం మూయించిన కథ మీరు చదివే ఉంటారు.

తిండి సంగతి మొదట్లో కష్టమే. గుజరాతీ పప్పులో బెల్లం పడుతుంది. మన నాలుకకు అది పట్టదు. అక్క ఇంటి నుంచి కారంపొడి తెచ్చుకుంటుంది. ఇప్పుడు ముసలామె అక్క దగ్గర చింతకాయ పచ్చడి అడిగి తింటుంది, నీళ్లు తాగుతూ.

బియ్యం మాట. మీ రేషన్ కార్డు కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఇచ్చినదైతే, ఆధార్ కలిపి ఉంటే, వేరే రాష్ట్రంలో కూడా సరుకు తీసుకోవచ్చు. దీన్ని ఒకే దేశం ఒకే రేషన్ కార్డు అంటారు. 2019లో మొదలై 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. వేలిముద్ర వేస్తే చాలు. మామూలు కార్డుకు మనిషికి నెలకు 5 కిలోలు. అత్తమామలు ఊళ్లో తమ వాటా తీసుకోవచ్చు, మీరు అక్కడ మీ వాటా తీసుకోవచ్చు. కాని రాష్ట్రం తన సొమ్ముతో ఇచ్చిన కార్డు అక్కడ చెల్లదు. పోయేముందు మీ డీలర్‌ను అడిగి తెలుసుకోండి. ఆరు నెలలు అక్క బియ్యం కొనుక్కుంది. అది ఎవరూ చెప్పకనే.

పిల్ల బడి గురించి ఇప్పుడు ఇంట్లో వాదన నడుస్తోంది. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు బడులు కూడా పెట్టింది. బావ తెలుగు బడి అంటాడు. అక్క గుజరాతీ బడి అంటోంది. "ఇంట్ల తెలుగు నేను నేర్పుత, బయటి మాట బడి నేర్పాలె" అని ఆమె లెక్క. నన్ను అడిగితే తెలుగు బడి అన్నాను. అక్కకు కోపం వచ్చింది.

బావ గురించి కూడా రాయాలి. మగ్గాల చప్పుడుకు ఆయనకు చెవి మందగించింది. గట్టిగా మాట్లాడితే గాని వినడు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఓట్లో మీద కూర్చునే తీరిక లేదు. అక్కకు దొరికిన ఊరు బావకు ఇంకా పూర్తిగా దొరకలేదు. అక్క కూడా అదే అంటుంది, "ఆయనకు సూరత్ అంటే కార్ఖానా, మంచం." అందుకే సెలవు వస్తే ఆమె బావను పడుకోనివ్వదు. చేయి పట్టి లేపి బయటికి తీసుకుపోతుంది.

పండుగలు

దసరా ముందు గుజరాత్‌లో తొమ్మిది రాత్రులు గర్బా ఆడతారు. చిల్లుల కుండలో దీపం పెడతారు. దాని చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతారు. ఆ రోజుల్లోనే మన బతుకమ్మ. మన దగ్గర నడుమ పూలు, వాళ్ల దగ్గర నడుమ దీపం. మొదటి ఏడు ఊళ్లోనే ఆడిన అక్క రెండో ఏడు సూరత్‌లో బతుకమ్మ పేర్చింది. తంగేడు, గునుగు దొరకలేదు. బంతిపూలు మాత్రం బుట్టలకొద్దీ దొరికాయి. వాటిని అక్కడ గల్‌గోటా అంటారు. అన్నీ బంతిపూలే పేర్చింది. ముసలామె వచ్చి చూసి, తన కోడలిని పిలిచి, ఇద్దరూ వలయంలో నిలబడ్డారు. పాట రాకపోయినా చప్పట్లు తప్పలేదట.

నేను పోయింది జనవరిలో. 14న అక్కడ ఉత్తరాయణం. ఊరంతా మిద్దెల మీదనే ఉంటుంది. ఆకాశం నిండా పతంగులు. మర్నాడు కూడా ఎగరేస్తారు. ఆ రోజు బావ రాత్రి పాళీ చేసి వచ్చాడు. అయినా మిద్దె ఎక్కాడు. పిల్లకు దారం పట్టించి ఒక పతంగి కోశాడు. అక్కడ అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే.

తిరిగి వచ్చే రోజు అక్క నన్ను బజారుకు తీసుకుపోయింది. బండి మీద పచ్చటి గింజలు కుప్ప పోసి ఉన్నాయి. వాటిని పోంక్ అంటారు. చలికాలంలోనే వస్తుంది. సన్న కారప్పూస, నిమ్మరసం కలుపుకొని తింటారు. నేను నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. లేత జొన్న! కంకిని నిప్పుల మీద కాల్చి, నలిచి తీసిన గింజ. "ఇది మన ఊసబియ్యం కాదానె?" అన్నాను. "మొదటి ఏడు నేనూ గట్లనే బండికాడ నిలబడి ఏడ్సిన" అన్నది అక్క. అరకిలో కొని పొట్లం కట్టించింది. పొట్లం మీద గుజరాతీలో పోంక్ అని రాసింది. దాని కింద తెలుగులో ఊసబియ్యం అని రాసింది.

ఇంటికి వచ్చినాక పెద్దమ్మ చేతిలో పెట్టాను. పెద్దమ్మ విప్పి వాసన చూసింది. ఒక గుప్పెడు తిన్నది. తరువాత కాగితాన్ని సాపు చేసి, మడిచి, బొడ్డు సంచిలో పెట్టుకుంది.